కార్బన్ ట్యాక్స్ పోయింది, మరి కరెంటు బిల్లు పెరిగిందేమిటి?

ప్రశ్న: మేం మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం, ఒక బాబు. 2014 జులై నుంచి కార్బన్ ట్యాక్స్ (కంపెనీలు వదిలే కార్బన్ డయాక్సైడ్ మీద ఆస్ట్రేలియా ప్రభుత్వం వేసిన పన్ను) తీసేశారు, ఇంటికి ఏడాదికి 550 డాలర్లు మిగులుతాయని చెప్పారు. మాకేమో ఏప్రిల్-జూన్ కరెంటు బిల్లు 391.51 డాలర్లు వస్తే, జులై-సెప్టెంబర్ బిల్లు 514.52 వచ్చింది. రెండు బిల్లుల ఫొటోలూ పంపుతున్నాను. కంపెనీ తగ్గింపు ఇవ్వకుండా నొక్కేసిందా? ఇంకో సంగతి, 3 కిలోవాట్ల సోలార్‌కి 4,800 డాలర్ల కొటేషన్ వచ్చింది. పెట్టించమంటారా? జులైలో మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. డిసెంబర్ చివర వాళ్లతో పాటు మేమూ ఆరు వారాలు ఇండియా వెళ్తున్నాం.

జవాబు: మీ కంపెనీ తగ్గింపును నొక్కేయలేదండీ. ట్యాక్స్ తీసేసిన మేరకు రేటు తగ్గించింది. కానీ అదే సమయంలో మీ చేతిలోంచి అంతకంటే పెద్ద మొత్తం జారిపోయింది. అది రెండో బిల్లులో లేని ఒక లైను. ముందు రేటు సంగతి తేల్చి, ఆ లైను దగ్గరికి వస్తాను.

బిల్లు మొదటి పేజీలో ఉండే మొత్తాన్ని వదిలేయండి. వెనక పేజీ తిప్పితే రెండు ధరలు కనిపిస్తాయి. ఒకటి సప్లై చార్జి, రోజుకు ఇంత అని. రెండోది యూసేజ్, యూనిట్‌కి ఇన్ని సెంట్లు అని. కార్బన్ ట్యాక్స్ పడేది కరెంటు ఉత్పత్తి మీద కాబట్టి, తగ్గింపు యూనిట్ ధరలోనే కనిపించాలి. సప్లై చార్జి తగ్గలేదని కంగారు పడనక్కర్లేదు. మీకది రెండు బిల్లుల్లోనూ రోజుకు 115 సెంట్లే. యూనిట్ ధర మాత్రం జీఎస్టీతో కలిపి 28.60 సెంట్ల నుంచి 26.20కి దిగింది. అంటే 2.40 సెంట్లు.

ఇది సరైన తగ్గింపేనా అన్నది మీరే లెక్క కట్టుకోవచ్చు. 2013-14లో కార్బన్ ధర, అంటే ఈ ట్యాక్స్ రేటు, టన్నుకు 24.15 డాలర్లు. అప్పట్లో తూర్పు రాష్ట్రాల గ్రిడ్‌లో (కరెంటు సరఫరా వ్యవస్థలో) 1,000 యూనిట్ల కరెంటు తయారవడానికి సుమారు 0.9 టన్ను కార్బన్ డయాక్సైడ్ వెలువడేది. రెండూ గుణిస్తే 1,000 యూనిట్లకు దాదాపు 21.70 డాలర్లు, అంటే యూనిట్‌కి 2.17 సెంట్లు. దాని మీద 10 శాతం జీఎస్టీ వేస్తే 2.39. తీగల్లో వృథాగా పోయే కరెంటును కూడా కలిపితే 2.5 దాకా రావచ్చు. మీకు తగ్గింది 2.40, కాబట్టి లెక్క సరిపోయింది. ఒక జాగ్రత్త: కొన్ని కంపెనీలు బిల్లులో ధరను జీఎస్టీ కలపకుండా వేస్తాయి, ప్రకటనల్లో కలిపి చెబుతాయి. పోల్చేటప్పుడు రెండూ ఒకే తీరున ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే లేని 10 శాతం తేడా కనిపిస్తుంది.

ఇక 550 సంగతి. అది ఒక్క కరెంటుకి చెప్పిన అంకె కాదు. దేశంలోని సగటు కుటుంబానికి కరెంటు, గ్యాస్, సరుకులు, సేవలు అన్నీ కలిపి వేసిన అంచనా. అందులో కరెంటు వాటా సుమారు 200, గ్యాస్‌ది 70. బిల్లు మీది గ్రాఫ్ ప్రకారం మీ ఇంటి వాడకం ఏడాదికి 5,200 యూనిట్ల దగ్గర ఉంది. యూనిట్‌కి 2.40 సెంట్ల చొప్పున మీకు మిగిలేది 125 డాలర్లు. 550 వస్తాయనుకుని దేనికైనా కేటాయించుకుని ఉంటే ఇప్పుడే సవరించుకోండి.

రేటు తగ్గినా బిల్లు 123 డాలర్లు ఎందుకు పెరిగిందో చూద్దాం. మొదటి బిల్లులో 91 రోజులకు 1,180 యూనిట్లు కాలాయి. యూసేజ్ 337.48, సప్లై 104.65. దాని కింద ‘15 శాతం డిస్కౌంట్, యూసేజ్ మీద’ అని 50.62 తీసేశారు. రెండో బిల్లులో 92 రోజులకు 1,560 యూనిట్లు. యూసేజ్ 408.72, సప్లై 105.80. అంతే. డిస్కౌంట్ లైనే లేదు. మీ ప్లాన్ మీద డిస్కౌంట్ గడువు పన్నెండు నెలలు, అది జూన్ 30తో అయిపోయింది. దాని గురించి కంపెనీ పంపిన ఉత్తరం ఏదో ప్రకటన అనుకుని పక్కన పడేసి ఉంటారు, చాలామంది చేసే పనే అది. ఆ 15 శాతం ఉండి ఉంటే ఈ బిల్లులో 61.31 తగ్గేది, 453.21 కట్టేవారు.

ఏడాది మొత్తానికి చూస్తే ఇంకా బాధ కలుగుతుంది. ట్యాక్స్ పోవడం వల్ల మీకు 125 మిగులుతుంటే, డిస్కౌంట్ పోవడం వల్ల 204 డాలర్లు పోతున్నాయి. పార్లమెంటులో ఏళ్ల తరబడి కొట్లాడుకున్న పన్ను కంటే, మీరు చేయని ఒక్క ఫోన్ కాల్ ఖరీదు ఎక్కువ. నా దృష్టిలో ఈ ప్రశ్న మొత్తంలో అసలు సంగతి ఇదే.

మిగతా పెరుగుదల వాడకం వల్ల వచ్చింది. 380 యూనిట్లు ఎక్కువ కాలాయి. ఇక్కడ జులై-సెప్టెంబర్ చలికాలం, పైగా పెద్దవాళ్ల గదిలో పోర్టబుల్ హీటర్ నడిచే ఉంటుంది. 2,400 వాట్ల హీటర్ గంటకు 2.4 యూనిట్లు తాగుతుంది. 380 యూనిట్లంటే 158 గంటలు, అంటే రోజుకు గంటా ముప్పావు కూడా కాదు. పెద్దవాళ్లు చలికి తట్టుకోలేరు, వేడి తగ్గించమని నేను చెప్పను. ఆ గదిలో స్ప్లిట్ ఏసీ ఉంటే దాన్నే హీటింగ్ మోడ్‌లో వాడండి. అదే వెచ్చదనం మూడో వంతు కరెంటుతోనే వస్తుంది. ఇక ముందు బిల్లులు పోల్చేటప్పుడు చలికాలాన్ని గత చలికాలంతో పోల్చండి, శరత్కాలంతో కాదు.

ఇప్పుడు చేయవలసిన పని. రెండో బిల్లు చేతిలో పెట్టుకోండి. అందులో ఎన్‌ఎంఐ అనే నంబరు ఉంటుంది, అది మీ మీటర్ గుర్తింపు. ముందుగా మన రాష్ట్రం విక్టోరియా ప్రభుత్వం నడిపే, ప్లాన్లు పోల్చి చూపే సైట్‌లో మీ వాడకం వేసి, ఏడాదికి ఏ ప్లాన్ ఎంతవుతుందో డాలర్లలో చూడండి. శాతాలు చూడకండి, మోసపోతాం. ఉదాహరణకి 29.50 సెంట్ల మీద 20 శాతం డిస్కౌంట్ అంటే యూనిట్ 23.60 పడుతుంది. మీ 26.20 మీద 15 శాతమే అయినా 22.27 పడుతుంది. చిన్న శాతమే చవక.

ఆ తర్వాత కంపెనీకి ఫోన్ చేసి, ‘నా డిస్కౌంట్ గడువు అయిపోయింది, వేరే కంపెనీలో ఇంత వస్తోంది, మీరేమిస్తారు?’ అని నేరుగా అడగండి. మొదట ఎత్తిన వాళ్ల దగ్గర మంచి ఆఫర్ లేకపోతే, కస్టమర్లు వెళ్లిపోకుండా చూసే విభాగానికి కలపమనండి. ఒప్పుకునే ముందు నాలుగు సంగతులు రాసుకోండి: డిస్కౌంట్ యూసేజ్ మీదా, మొత్తం బిల్లు మీదా? గడువులోపు కడితేనే వర్తిస్తుందా? ఎన్ని నెలలు? మధ్యలో మానేస్తే ఎగ్జిట్ ఫీజు ఎంత? కొత్త ఒప్పందం మీద పది పనిదినాల కూలింగ్ ఆఫ్ ఉంటుంది, ఆలోపు మనసు మారితే ఏమీ కట్టకుండా వెనక్కి రావచ్చు. ఒప్పందం ముగిసే తేదీకి నెల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

గడువులోపు కట్టాలన్న షరతు మీకు ముఖ్యం. అక్టోబర్-డిసెంబర్ బిల్లు వచ్చేసరికి మీరు ఊళ్లో ఉండరు. ఒక్క రోజు ఆలస్యమైనా ఆ మూడు నెలల డిస్కౌంట్ పోతుంది. బయల్దేరే ముందే డైరెక్ట్ డెబిట్ (బిల్లు డబ్బు ఖాతాలోంచి దానంతటదే వెళ్లే ఏర్పాటు) పెట్టించండి, ఆ ఖాతాలో డబ్బు ఉంచండి. డిస్కౌంట్ తిరిగి వస్తే మీ ఏడాది ఖర్చు 1,578 డాలర్లవుతుంది. పదిహేను రోజులకోసారి జీతం పడేవాళ్లయితే ప్రతిసారీ 61 డాలర్లు పక్కన పెడితే చలికాలం బిల్లు మీద పడ్డట్టు అనిపించదు. ఇంటి లోన్‌కి ఆఫ్‌సెట్ ఖాతా (అందులో ఉన్నంత డబ్బు మేరకు లోన్ మీద వడ్డీ పడని ఖాతా) ఉంటే అందులోనే ఉంచండి, బిల్లు కట్టేదాకా వడ్డీ కూడా తగ్గుతుంది.

2015 జనవరి మీద ఒక కన్నేయండి. అప్పట్లో విక్టోరియాలో తీగలు, స్తంభాల చార్జీలు జనవరి 1న మారేవి, కంపెనీలు సాధారణంగా అప్పుడే ధరలు సవరించేవి. అందుకే మన రాష్ట్రంలో జూన్, జులై ధరలు పోల్చితే కార్బన్ తగ్గింపు ఇంత శుభ్రంగా కనబడింది. జనవరిలో పెరిగితే అది వేరే లెక్క, కార్బన్ తగ్గింపును వెనక్కి లాక్కున్నట్టు కాదు. వేరే రాష్ట్రాల్లోని మనవాళ్లకు జులై 1నే కార్బన్ తగ్గింపు, ఈ ధరల సవరణ రెండూ కలిసిపోయాయి. క్వీన్స్‌లాండ్‌లో ట్యాక్స్ ఉంటే 13.6 శాతం పెరగాల్సిన మామూలు ఇంటి కరెంటు ధర, అది పోయాక 5.1 శాతం పెరిగింది. అక్కడి బ్రిస్బేన్‌లో ఉన్నవారు ‘తగ్గలేదే’ అంటున్నారంటే కారణం అదే. తగ్గాల్సింది తగ్గింది, దాని మీద వేరేది పెరిగింది. దేశం మొత్తం మీద 2014 సెప్టెంబర్ త్రైమాసికంలో కరెంటు ధరలు 5.1 శాతం తగ్గాయి. రెండు అంకెలూ ఒకేలా ఉన్నాయని కలిపేసుకోకండి.

ఎవరి బిల్లులోనైనా యూనిట్ ధర అసలు తగ్గకపోతే ఊరుకోకండి. ట్యాక్స్ రద్దు చట్టం 2014 జులై 17న సెనేట్‌లో (పార్లమెంటు ఎగువ సభలో) నెగ్గినా జులై 1 నుంచే వర్తిస్తుంది. ఆ మధ్య రోజులకు పాత ధర వేసి ఉంటే క్రెడిట్ రావాలి. సగటు కస్టమర్‌కి ఎంత తగ్గుతుందో తెలుపుతూ కంపెనీ మీకు ఒక ప్రకటన కూడా పంపాలి, దాన్ని వెతికి బిల్లుతో సరిచూడండి. తగ్గింపు ఇవ్వని కంపెనీకి ఆ చట్టం ప్రకారం ఆ మొత్తానికి 250 శాతం జరిమానా, చూసుకునేది ఏసీసీసీ (వ్యాపార పోటీ, వినియోగదారుల హక్కులు చూసే కేంద్ర సంస్థ). మీ సొంత బిల్లు తగాదా అయితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, తేలకపోతే విక్టోరియా ఎనర్జీ అండ్ వాటర్ ఆంబుడ్స్‌మన్ (ఇలాంటి తగాదాలు తీర్చే స్వతంత్ర సంస్థ) దగ్గరికి వెళ్లండి. ఖర్చేమీ ఉండదు.

ట్యాక్స్ పెట్టినప్పుడు ఇచ్చిన పరిహారం పోతుందేమోనని కొందరు అడుగుతున్నారు. పోలేదు. 18,200 డాలర్ల వరకు ఆదాయపు పన్ను లేని పరిమితి అలాగే ఉంది. ఫ్యామిలీ ట్యాక్స్ బెనిఫిట్‌తో (పిల్లలున్న కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే సాయంతో) వచ్చిన క్లీన్ ఎనర్జీ సప్లిమెంట్ 2014 సెప్టెంబర్ 20 నుంచి ఎనర్జీ సప్లిమెంట్ అని పేరు మార్చుకుంది, మొత్తం మాత్రం ఇక పెరగదు.

చివరగా సోలార్. ట్యాక్స్ పోవడం వల్ల దాని లాభం కొంచెం తగ్గింది. మీరు సొంతంగా వాడుకున్న ప్రతి యూనిట్ విలువ ఇప్పుడు 28.60 కాదు, 26.20. గ్రిడ్‌కి పంపే యూనిట్‌కి 2014లో కనీస ధర 8 సెంట్లు, 2015 జనవరి నుంచి 6.2. మెల్‌బోర్న్‌లో 3 కిలోవాట్లకు ఏడాదికి సుమారు 3,900 యూనిట్లు వస్తాయి. పెద్దవాళ్లు వెళ్లాక పగలు ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి మీరు వాడుకునేది 30 శాతం అనుకుందాం. దానికి 306, పంపినదానికి 6.2 సెంట్ల చొప్పున 169, కలిపి 475 డాలర్లు. 4,800 తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. వాషింగ్ మెషీన్, డిష్ వాషర్ టైమర్ పెట్టి మధ్యాహ్నం తిప్పి, సొంత వాడకాన్ని 45 శాతానికి తెస్తే ఏడాదికి 593 వస్తుంది, ఎనిమిదేళ్లకు తీరుతుంది. డిస్కౌంట్ తిరిగి తెచ్చుకుంటే ఈ కాలం ఇంకొంచెం పెరుగుతుంది, ఎందుకంటే కొనే యూనిట్ చవకవుతుంది. అందుకని నేనైతే ఇప్పుడే సంతకం పెట్టమనను. అత్తయ్యగారు వాళ్లు దీర్ఘకాలం ఇక్కడే ఉండేటట్టయితే పగటి వాడకం పెరుగుతుంది, అప్పుడు లెక్క మారుతుంది. ఇండియా నుంచి వచ్చాక స్మార్ట్ మీటర్ నుంచి అరగంట అరగంట వాడకం వివరాలు తెప్పించుకుని, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు మధ్య ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో కూడండి. కొటేషన్ ఇచ్చినవాళ్లతో మాట్లాడాల్సింది ఆ అంకె పట్టుకునే.