గండికోట చూడటానికి యాప్‌లో అప్పు ఎందుకు?

ప్రశ్న: మాది తిరుపతి. నేను మందుల ఏజెన్సీలో, నా భార్య ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాం. ఇద్దరికీ కలిపి నెలకు 54,000 వస్తుంది. ఇంటద్దె, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు, బండి కిస్తీ అన్నీ పోను 11,000 దాకా మిగులుతుంది. దసరా సెలవుల్లో మేం ఆరుగురం, అక్కావాళ్లు నలుగురు కలిసి గండికోట, బెలూం గుహలు చూసి రావాలనుకుంటున్నాం. టెంపో ట్రావెలర్, రెండు రాత్రుల బస, భోజనాలు కలిపి 50,000 అవుతుందని అంచనా. అత్యవసరాలకని బ్యాంకులో దాచిన 70,000 ఉంది. దాన్ని కదపడం ఇష్టం లేక, ఒక లోన్ యాప్ ఇస్తానన్న 50,000 తీసుకుందామనుకుంటున్నాను. వడ్డీ నెలకు ఒకటిన్నర శాతమే, ఏడాదిలో తీరిపోతుంది. నా ఆలోచన సరైనదేనా? నాన్నకు 66 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. (యాప్ స్క్రీన్‌షాట్ జత చేశాను.)

జవాబు: సరైనది కాదు. దయచేసి ఆ అప్పు తీసుకోకండి.

మీ ఉత్తరానికి ప్రత్యేకంగా జవాబు రాయడానికి కారణం ఉంది. అత్యవసర నిధి కదపకూడదన్న మాట మీరు గట్టిగానే పట్టుకున్నారు. కానీ దాన్ని ముట్టుకోకుండా పక్కనే అప్పు చేస్తే నిధి భద్రంగా ఉన్నట్టేనని అనుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. పాస్‌బుక్‌లో అంకె మారదు కాబట్టి మనసుకు ధైర్యంగానే ఉంటుంది. లెక్క వేసి చూస్తే ఆ ధైర్యం నిలవదు.

అప్పు తీసుకుని యాత్ర చేసొచ్చిన రోజు మీ పరిస్థితి చూద్దాం. బ్యాంకులో 70,000 ఉంటుంది. యాప్‌కు వడ్డీతో కలిపి మీరు కట్టాల్సింది 59,000. అంటే మీవి అని చెప్పుకోదగ్గవి 11,000 మాత్రమే. మీ ఇంటి ఖర్చు నెలకు 43,000. ఆ 11,000తో ఇల్లు ఎనిమిది రోజులు కూడా గడవదు. నిధి ఉందనుకుని మీరు నిశ్చింతగా ఉంటారు, అక్కడ ఉన్నది వారం రోజుల ఖర్చు.

ఇక ఆ ఒకటిన్నర శాతం సంగతి. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో కిస్తీ 4,917 అని ఉంది. దాన్నిబట్టి అది ఫ్లాట్ వడ్డీ. నెలకు 750 చొప్పున పన్నెండు నెలలకు 9,000. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న 50,000 మీదే పడుతూ ఉంటుంది. ఆఖరి నెలలో మీరు బాకీ ఉండే అసలు 4,167. దాని మీద కూడా 750 వడ్డీ! తగ్గే అసలు మీద లెక్కిస్తే ఇది ఏడాదికి దాదాపు 32 శాతం. అదే స్క్రీన్‌షాట్‌లో అడుగున చిన్న అక్షరాల్లో ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అని కూడా ఉంది. దాని మీద జీఎస్టీతో కలిపి 1,180 ముందే పట్టుకుంటారు. మీ చేతికొచ్చేది 48,820. అప్పుడు వడ్డీ 36 శాతం దాటుతుంది. ఈ రేటుకు అప్పు తెచ్చి సరదాగా తిరిగి రావడం ఏమిటండీ? అప్పిచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు షరతులన్నీ ఉండే పత్రం) ఇచ్చి, అందులో ఏపీఆర్, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి నిజంగా పడే రేటు, ఎంతో చూపాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ అంకె అడగకుండా ‘నెలకు ఒకటిన్నరే’ అన్న మాట నమ్మి ఎవరూ సంతకం పెట్టకండి.

క్రెడిట్ కార్డు ఈఎంఐ అయినా, బంగారం కుదువపెట్టినా వడ్డీ తగ్గొచ్చు గానీ, విహారయాత్రకు అప్పు చేయడమే కదా. చీటీ ముందే పాడుకోవడం కూడా అంతే.

మరి ఆ 70,000 లోంచి తీసి వెళ్లొచ్చా? అదీ వద్దంటాను. మీ ఇంట్లో సంపాదించేవాళ్లు ఇద్దరు, ఆధారపడినవాళ్లు నలుగురు. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు. మందులు ఆపకూడని తండ్రి ఉన్నారు. మీలాంటి కుటుంబానికి ఆరు నెలల ఖర్చు, అంటే 2,58,000 చేతికందేలా ఉండాలి. ఒక్కసారిగా కాదు, ముందు మూడు నెలలది, 1,29,000 చేయండి. మీరింకా సగం దారిలో ఉన్నారు. సగం నిండిన నిధిలోంచి విహారానికి తీయడం మొదలైతే అది ఎప్పటికీ నిండదు. ఈసారి గండికోట, వచ్చే ఏడు పెళ్లి బట్టలు, ఆ తర్వాత కొత్త ఫోను. ప్రతిదానికీ ఆ రోజుకు సరిపడా కారణం దొరుకుతుంది.

నాన్నగారి విషయం ఇంకొంచెం చెప్పాలి. ఆయనకు ఆరోగ్య బీమా ఉన్నట్టు మీరు రాయలేదు. లేకపోతే ఈ ఏడాదే తీసుకోండి. షుగరు, బీపీ ఉన్న సంగతి దాచకుండా రాయండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, ఆ మేరకు కొంత వెసులుబాటు. అయితే పాలసీ తీసుకున్న మర్నాడే అన్నీ కవర్ కావు. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బులకు బీమా వర్తించని గడువు) పెట్టే అవకాశం కంపెనీలకు ఉంది. ఈలోగా షుగరు వల్లనో బీపీ వల్లనో ఆయన ఆసుపత్రిలో చేరాల్సి వస్తే బిల్లు కట్టాల్సింది మీ నిధే. బీమా ఉన్నా, క్యాష్‌లెస్ (బిల్లు బీమా కంపెనీయే నేరుగా కట్టే) ఆమోదం వచ్చేలోపు అడ్వాన్సు కట్టమనే ఆసుపత్రులున్నాయి. అందుకే అత్యవసర నిధి గురించి ఇంతగా పట్టుబడుతున్నాను. అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి ఎవరికి ఫోన్ చేయాలా అని ఆలోచించే పరిస్థితి మీ ఇంటికి రాకూడదు.

గండికోట మానుకోమని మాత్రం నేను చెప్పడం లేదు. ఎర్రమల కొండలను పెన్న నది చీల్చుకుని వెళ్లిన ఆ లోయను పిల్లలకు తప్పకుండా చూపించాల్సిందే. లోయ అంచున కోట, అందులో మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి. మనకు ఇంత దగ్గరలో ఉండి కూడా చూడనివాళ్లు తిరుపతిలో ఎంతోమంది. మీరు ఎంచుకున్న రోజులూ, వేసుకున్న ఖర్చులే సరిగ్గా లేవు.

దసరా అంటే మనకు బ్రహ్మోత్సవాలు. ఆ రోజుల్లో తిరుపతిలో టెంపో ట్రావెలర్ మామూలు ధరకు దొరకడం కష్టమని మీకు నేను చెప్పక్కర్లేదు. సెలవులు కాబట్టి గండికోటలో గదులకూ గిరాకీ ఉంటుంది. ఫిబ్రవరిలో ఒక శనివారం, ఆదివారం పెట్టుకోండి. ఎండ ముదరదు, పెద్దవాళ్లు బండల మీద కాసేపు కూర్చోగలుగుతారు. మార్చి దాటనిచ్చారంటే కడప ఎండకు నాన్నగారిని తీసుకెళ్లే ప్రశ్నే లేదు.

బెలూం ఈసారి వదిలేయండి. గండికోట నుంచి మళ్లీ అరవై కిలోమీటర్ల దాకా ప్రయాణం, లోపల ఉక్క, మెట్లు. పెద్దవాళ్లకు ఇబ్బంది. అది తీసేస్తే ఒక రాత్రి బస తగ్గుతుంది, అద్దె బండి కూడా అక్కర్లేదు. తిరుపతి నుంచి కడప, కడప నుంచి జమ్మలమడుగు ఆర్టీసీ బస్సులో వెళ్లండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీ శక్తి పథకం కింద మీ భార్యకు, అమ్మగారికి టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ దగ్గరుంటే చాలు. పాప ఉంటే తనకీ అంతే. నాన్నగారికి బస్సు కష్టమనుకుంటే రేణిగుంట నుంచి గుంతకల్లు వైపు వెళ్లే రైళ్లు కొన్ని ఎర్రగుంట్లలో ఆగుతాయి, అక్కడి నుంచి జమ్మలమడుగు దగ్గరే. జమ్మలమడుగు నుంచి కోటకు పదిహేను కిలోమీటర్లు, ఆటో మాట్లాడుకోవచ్చు. సాయంత్రం, మర్నాడు పొద్దున సూర్యోదయం చూసి బయల్దేరితే సరిపోతుంది. పర్యాటక శాఖ హరిత హోటల్ అక్కడే ఉంది, రెండు గదులు ముందుగా బుక్ చేసుకోండి. ఒక్క జాగ్రత్త: లోయను బండల మీద నిలబడే చూడాలి, అంచు పొడవునా అడ్డు ఉండదు. పిల్లల చెయ్యి వదలకండి, సెల్ఫీల కోసం అంచుకు పోనివ్వకండి.

ఇలా అయితే మీ ఆరుగురికి 20,000 లోపే అవుతుంది. అక్కావాళ్ల ఖర్చు వాళ్లు పెట్టుకుంటారు. అక్కను అడగడం బాగుండదని మీకు అనిపించొచ్చు, తెలుసు. తమ్ముడు తమ కోసం అప్పు చేశాడని తర్వాత తెలిస్తే ఆవిడకు ఇంకా బాధ. బావగారితో ముందే మాట్లాడండి. ‘రూములు బుక్ చేస్తున్నా, మీ వాటా ఇంత’ అంటే చాలు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు మీకు మిగిలే 11,000 ఇలా పంచండి. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఐదు నెలలు, నెలకు 7,000 అత్యవసర నిధికి, 4,000 యాత్రకు. జనవరి ఆఖరుకు యాత్ర డబ్బు 20,000 సిద్ధం, నిధి 1,05,000 అవుతుంది. ఫిబ్రవరి నుంచి 11,000 మొత్తం నిధికే పంపండి. మూడో నెలకు 1,29,000 దాటుతారు. నాన్నగారి ప్రీమియం మధ్యలో వస్తే నిధికి పంపేది ఆ మేరకు తగ్గినా ఫర్వాలేదు, అది కూడా రక్షణ కోసమే. యాత్ర ఖర్చు 20,000 దాటేలా ఉంటే యాత్రలోనే ఏదో ఒకటి తగ్గించుకోండి, నిధి వైపు చూడకండి. నిధిని జీతం పడే ఖాతాలో ఉంచకుండా వేరే బ్యాంకులో స్వీప్ ఎఫ్‌డీగా (అవసరమైనప్పుడు దానంతటదే ఖాతాలోకి తిరిగొచ్చే డిపాజిట్‌గా) పెట్టి, ఆ ఖాతాకు ఫోన్‌పే, గూగుల్ పే కలపకండి.

చివరగా ఆ యాప్. దరఖాస్తు సగం నింపి ఉంటే అక్కడితో ఆపండి. ఇప్పటికే డబ్బు ఖాతాలో పడి ఉంటే టెన్షన్ పడొద్దు. డిజిటల్ అప్పులకు కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. అది ఎన్ని రోజులో మీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో చూసి, ఆలోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేసి అప్పు రద్దు చేసుకోవచ్చు. పెనాల్టీ ఉండదు, ప్రాసెసింగ్ ఫీజులో కొంత పట్టుకోవచ్చు, పోనివ్వండి. రద్దయినట్టు రాతపూర్వకంగా తీసుకున్నాకే, కాంటాక్టులకు ఇచ్చిన పర్మిషన్ తీసేసి యాప్‌ను ఫోన్‌లోంచి తొలగించండి.