చున్నీ వెతుక్కోనక్కర్లేని ఇంటి డ్రెస్సులు

ఎండలు మొదలయ్యాక నైటీ తప్ప ఏదీ హాయిగా లేదనీ, కాలింగ్ బెల్ మోగితే చున్నీ కోసం పరిగెత్తాల్సి వస్తోందనీ రాశారు కదండీ. మా పాప చిన్నప్పుడు నాదీ అదే గోల.

చివరికి రెడీమేడ్ మానేసి మంగళగిరి కాటన్ కొని కుట్టించుకున్నా. నేత దగ్గరగా ఉంటుంది కాబట్టి ముదురు రంగైతే నాకు లైనింగ్ అవసరం పడలేదు. మల్‌మల్ మెత్తగానే ఉంటుంది గానీ, వెలుతురులో నిలబడితే లోపలిదంతా కనిపిస్తుంది. లైనింగ్ వేశాక ఇక చల్లదనం ఏముంటుంది? షాపులోనే బట్ట కింద చెయ్యి పెట్టి చూడండి, వేళ్లు కనిపిస్తే వద్దు.

కుట్టడానికి ఇచ్చే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. నేను బద్ధకించాను, మొదటి ఉతుకుకే డ్రెస్ రెండంగుళాలు పొట్టిదైంది.

అన్నిటికంటే మెడ ముఖ్యం. పిల్లల్ని ఎత్తుకోవడానికి రోజుకి వందసార్లు వంగుతాం కదా, ముందు మెడ లోతు 5 అంగుళాలు దాటనివ్వకండి. చేతులు మోచేతి దాకా, పొడవు పిక్కల దాకా చాలు. సైడ్ కట్స్ వద్దు, నడుము దగ్గర కుచ్చులు పెట్టిస్తే కింద కూర్చుని అన్నం తినిపించేటప్పుడు ఇబ్బంది ఉండదు. నా కొలతకి 3 మీటర్లు పట్టింది. రెండు వైపులా జేబులు కూడా అడగండి. టైలర్ విసుక్కుంటాడు, అయినా వదలకండి!