విశాఖ నుంచి అరకు, లంబసింగి సైకిల్ మీద చుట్టి రావచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఆదివారాలు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్లి వస్తుంటారు, గేర్ల హైబ్రిడ్ సైకిల్ ఉంది, డిసెంబరులో ఐదు రోజులు సెలవు దొరికింది. తమ్ముడితో కలిసి అరకు, లంబసింగి చుట్టి రావాలి. ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి, రోజుకి ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి?

వెళ్లొచ్చు. నేను రెండుసార్లు బయల్దేరాను. మొదటిసారి అరకు చేరింది నేను, నా సైకిలు, ఇరవై బస్తాల క్యాబేజీ. అంటే బొలెరోలో. ముందు ఆ సంగతి చెప్తాను, మీ రెండో ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

భీమిలి పోయి వచ్చేసరికి యాభై కిలోమీటర్లు, నాకు రెండున్నర గంటలు పట్టేది. అరకు 115 కిలోమీటర్లు. కాబట్టి ఆరు గంటలు, కొండ కనుక ఇంకో రెండు గంటలు వేసుకుందాం అనుకున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకి ఎంవీపీ కాలనీలో బయల్దేరి పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎనిమిదికల్లా ఎస్.కోటలో (శృంగవరపుకోట) ఇడ్లీ తింటున్నాను. సగం దూరం అయిపోయింది, ఇంకేముంది, మధ్యాహ్నం భోజనం అరకులోనే అని ఇంటికి ఫోన్ కూడా చేశాను. బొడ్డవర దాటాక రోడ్డు పైకి లేచింది. టైడా వచ్చేసరికి నీళ్ల సీసాలు రెండూ ఖాళీ. డముకు దగ్గర కాళ్లు ఇక తిరగం అన్నాయి. రోడ్డు పక్కన కూర్చుంటే, అక్కడ మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఒకావిడ చూసి "ఏటి బావూ, బండి పాడైపోనాదా?" అంది. బండి బానే ఉందమ్మా, నేనే పాడైపోయానన్నాను. తన కోసం తెచ్చుకున్న చోడంబలి, అంటే రాగి అంబలి, గ్లాసుడు పోసిచ్చింది. అది తాగి ఇంకో నాలుగు కిలోమీటర్లు తొక్కాను, మరో నాలుగు నడిపించాను. చీకటి పడుతుంటే మంచు దిగింది, నా సైకిలుకి వెనక లైటు లేదు. అప్పుడొచ్చింది ఆ క్యాబేజీ బండి.

తప్పెక్కడ జరిగిందో తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నాను. బీచ్ రోడ్డు మీద మన పోరాటం గాలితో, ఘాట్ మీద బరువుతో. నేను, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు. బొడ్డవర నుంచి గాలికొండ దాకా ఆ 100 కిలోల్ని దాదాపు 1,200 మీటర్లు పైకెత్తాలి. నాలాంటి మామూలు మనిషి కాళ్లు గంటల తరబడి ఇవ్వగలిగేది 110 వాట్ల లోపే. అలా చూస్తే ఒక్క ఎత్తడానికే మూడు గంటలు, అదీ ఎక్కడా ఆగకుండా, పొద్దున్నే తాజా కాళ్లతో అయితే. నేను ఆ పని అరవై కిలోమీటర్లు తొక్కేశాక, ఎండలో మొదలుపెట్టాను. సామాను పది కిలోలు పెరిగితే ఆ మూడు గంటలకి ఇంకో పద్దెనిమిది నిమిషాలు కలుస్తాయి. జీన్స్ ప్యాంట్లు, కెమెరా సంచీ సర్దేటప్పుడు ఈ పద్దెనిమిది నిమిషాలు గుర్తు పెట్టుకోండి.

అందుకని రోజుకి ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క వదిలేయండి, రోజుకి ఎన్ని మీటర్ల ఎత్తు అని చూసుకోండి. భీమిలి అలవాటున్న వాళ్లకి రోజుకి 1,200 మీటర్లు చాలు, అంతకు మించొద్దు.

దారి విషయం. రెండోసారి నేను అరకు వైపు ఎక్కి లంబసింగి వైపు దిగాను, మీకూ అదే చెప్తాను. మొదటి రోజు మధ్యాహ్నం తీరిగ్గా బయల్దేరి ఎస్.కోటలో లాడ్జిలో పడుకోండి. యాభై పైచిలుకు కిలోమీటర్లు, అంతా మైదానమే. ఇది వేస్టు రోజని మీ తమ్ముడు గొడవ చేస్తాడు, పట్టించుకోకండి. రెండో రోజు ఐదున్నరకి లైట్లు వేసుకుని బయల్దేరితే ఎండెక్కే లోపు సగం ఘాట్ అయిపోతుంది. టైడా, డముకు, అనంతగిరి, ఇలా దారి పొడుగునా టీ దుకాణాలున్నాయి, నీళ్లు మోసుకెళ్లక్కర్లేదు. ఆగిన ప్రతిచోటా ఏదో ఒకటి తినండి. ఆకలేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. నీళ్లొక్కటే తాగితే చాలదు, చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు జేబులో వేసుకోండి, లేదా ఉప్పేసిన మజ్జిగ దొరికితే అదే తాగండి.

అరకు వైపు నుంచే ఎక్కమనడానికి ఇంకో కారణం రైలు. కొత్తవలస–కిరండూల్ లైను ఈ కొండల్లోంచే పోతుంది. ఏదైనా తేడా వస్తే బొర్రాలోనో అరకులోనో స్టేషనుంది. పాడేరు, చింతపల్లి వైపు ఆ ధైర్యం లేదు. అన్నట్టు, ఆ లైనులో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే అన్నిటికన్నా ఎత్తైనది. రైలు సొరంగాల్లోంచి దూరి పోతుంది. మనకు సొరంగాల్లేవు, కొండ నెత్తి మీంచే పోవాలి. అరకు దాదాపు 900 మీటర్లే కదా అని మ్యాపులో చూసి సంతోషపడతారు. రోడ్డు గాలికొండ దగ్గర అంతకన్నా బాగా పైకెక్కి, సుంకరమెట్ట మీదుగా మళ్లీ కిందికి దిగుతుంది. ఆ దిగుడు, రెండు వైపులా కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు చూస్తూ, ఆ రోజుకి మీకు దక్కే జీతం.

బొర్రా గుహలు ఆ రోజు పెట్టుకోకండి. మెయిన్ రోడ్డు వదిలి కిందికి దిగాలి, చూశాక దిగినంతా ఎక్కాలి. గుహలు ఎక్కడికీ పోవు, ఇంకోసారి రైల్లో వెళ్లి చూడండి.

మూడో రోజు అరకు నుంచి పాడేరు, నలభై ఐదు కిలోమీటర్లు. అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి, ఈ ఊళ్లన్నీ ఇంచుమించు 800 నుంచి 1,000 మీటర్ల మధ్యే ఉన్నాయి కాబట్టి పైన అంతా చదునే అనుకుంటాం. కానే కాదు. రెండు కిలోమీటర్లు ఎక్కడం, ఒకటి దిగడం, మళ్లీ ఎక్కడం. ఘాట్‌లో ఒక లయ దొరుకుతుంది, ఇక్కడ అది కూడా దొరకదు. నిజం చెప్పాలంటే నాకు ఘాట్ కన్నా ఇదే కష్టమైంది. డుంబ్రిగుడ దగ్గర చాపరాయిలో కాళ్లు నీళ్లలో పెట్టుకుని ఓ అరగంట కూర్చోండి. ఈ రోడ్డు రాజమండ్రి వైపు నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ జాతీయ రహదారిలో భాగం. వెడల్పు పనులు జరిగిన చోట నున్నగా ఉంటుంది. తవ్వి వదిలేసిన చోట ఎర్రమట్టి, కంకర. టైరు కనీసం 35 మిల్లీమీటర్లు ఉంటే మేలు. సన్నటి రోడ్ బైక్ టైర్లతో వెళ్లిన మా స్నేహితుడు ఒక్క రోజులో మూడు పంక్చర్లు వేసుకున్నాడు.

పాడేరులో ఆగి మీ మోకాళ్లని అడగండి. అవి చాలంటే అక్కడి నుంచి కిందికి దిగిపోవచ్చు. ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర అందరూ ఆగి దండం పెట్టుకుంటారు, మీరూ ఆగండి, బ్రేకులు కూడా చల్లారతాయి. కిందికి దిగితే మాడుగుల. హల్వా పావుకిలో తిని చోడవరం, సబ్బవరం మీదుగా ఇంటికి. నాలుగు రోజుల్లో అయిపోతుంది, ఇది ఓడిపోవడం ఏమీ కాదు. హల్వా కోసమైనా ఈ దారే మంచిదని మా ఆవిడ అభిప్రాయం.

మోకాళ్లు సరే అంటే నాలుగో రోజు జి.మాడుగుల, చింతపల్లి మీదుగా లంబసింగి. అరవై ఐదు కిలోమీటర్ల దాకా ఉంటుంది, పెందలాడే లేవాలి. మధ్యలో ఫోన్ సిగ్నల్ పోతుంది, ఎక్కడున్నారో ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట దాడి చేసిన పోలీస్ స్టేషన్ ఈ చింతపల్లిదే. ఆ తిరుగుబాటు కారణాల్లో ఒకటి రోడ్లు. ఈ పక్క రోడ్ల పనుల్లో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు గిరిజనులకి చాలీచాలని కూలి ఇచ్చి, కొట్టి పని చేయించుకున్నాడు. మర్నాడు ఆ వైపు ఘాట్ దిగుతున్నంతసేపూ నాకు అదే గుర్తొచ్చింది.

ఐదో రోజు లంబసింగిలో తెల్లవారుజామునే లేచి మంచు చూడండి, కానీ మంచులో దిగకండి. చలికి వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలీదు, ఎదురుగా వచ్చే కారు పది అడుగుల దాకా కనపడదు. పొగమంచు విడిపోయాక, ఎనిమిదిన్నర తొమ్మిదికి దిగండి.

దిగడం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎక్కడానికి అందరూ సిద్ధపడతారు, దిగడానికి ఎవరూ సిద్ధపడరు. కాళ్లతో మూడు గంటలు పోసిన శక్తిలో చాలా వరకు ఇప్పుడు బ్రేకుల్లో వేడిగా బయటికి రావాలి. నాది రిమ్ బ్రేకుల సైకిలు. భయపడి పైనుంచీ బ్రేకు వదలకుండా నొక్కి పట్టుకునే దిగాను. రిమ్ కాలిపోయింది. ట్యూబుకి పాత ప్యాచ్ ఒకటుంది, ఆ వేడికి జిగురు వదిలేసింది, మలుపులో ముందు చక్రం గాలి మొత్తం దిగిపోయింది. పక్కన మట్టి ఉండబట్టి మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది, రెండో పక్క లోయ. కాబట్టి బయల్దేరే ముందు కొత్త ట్యూబులు, కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించండి. మలుపుకి ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. ఐదారు కిలోమీటర్లకోసారి ఆగండి. డిస్క్ బ్రేకులైతే వేడెక్కాక వేలితో ముట్టుకోకండి. హెయిర్‌పిన్ మలుపులో బస్సుకి రోడ్డంతా కావాలి, హారన్ వినపడితే పక్కకి తప్పుకుని నిలబడండి.

నర్సీపట్నం చేరాక విశాఖ దాకా తొక్కాలని పట్టుదలకి పోకండి. నేను తాళ్లపాలెం దాకా తొక్కి, హైవే చూడగానే విసుగొచ్చి, అనకాపల్లి దాకా గూడ్స్ ఆటో మాట్లాడుకున్నాను. సిగ్గేం పడలేదు.

సైకిలు సంగతి: మీ హైబ్రిడ్ చాలు. ఒక్కటే చూడండి, ముందున్న అతి చిన్న చక్రం పళ్లు, వెనక అతి పెద్ద చక్రం పళ్ల కన్నా తక్కువ ఉండాలి. ముందు 28, వెనక 32 అయితే హాయిగా ఎక్కుతారు. ముందు 38 కన్నా చిన్నది లేకపోతే వెనక క్యాసెట్, అంటే పళ్ల చక్రాల సెట్టు, మార్పించుకోండి. ట్యూబులు రెండు, పంపు, చైన్ విప్పే పనిముట్టు తీసుకెళ్లండి, ఆ ఏజెన్సీ కొండల్లో గేర్ల సైకిలు సామాను దొరకదు. దోమల మందు మర్చిపోవద్దు, అది మలేరియా ప్రాంతం. చెక్‌పోస్టుల్లో సంచీలు విప్పి చూస్తారు, ఆధార్ కార్డు పైనే పెట్టుకోండి, విసుక్కోకండి.

ముందుగా రెండు మూడు ఆదివారాలు భీమిలి మానేసి కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కి దిగి, మళ్లీ ఎక్కండి. సామాను కట్టుకుని మరీ ఎక్కండి. నలుగురూ చూస్తారు, చూడనివ్వండి.

తేదీల విషయంలో శని, ఆదివారాలు అరకు ఘాట్‌లో పడకుండా చూసుకోండి. డిసెంబరు వీకెండ్లలో హైదరాబాద్ కార్లన్నీ అక్కడే ఉంటాయి, రూములు కూడా దొరకవు. బుధవారం ఎస్.కోట, గురువారం అరకు అనుకుంటే శుక్రవారం పొద్దున అరకు సంత చూసి పాడేరు బయల్దేరొచ్చు. శనివారం లంబసింగి రూము మాత్రం ముందే మాట్లాడి పెట్టుకోవాలి. వలిసె పంట పసుపు పూలు కూడా చూడాలనుంటే డిసెంబరు చివరిదాకా ఆగొద్దు, మొదటి వారంలోనే వెళ్లండి, తర్వాత కోసేస్తారు.