జర్మనీలో సెప్టెంబర్‌లో చేరితే సంక్రాంతికి నాలుగు వారాలు ఊరెళ్లొచ్చా?

2026 సెప్టెంబర్ 1న చేరుతున్నానని, కాంట్రాక్టులో ఏడాదికి 30 సెలవులు, వారానికి ఐదు రోజులు, 40 గంటలని రాశారు. వెళ్లొచ్చండీ. కానీ ఆ 30ని నమ్ముకుని ఇప్పుడే టికెట్ కొనకండి.

డిసెంబర్ 21 సోమవారం నుంచి జనవరి 15 శుక్రవారం దాకా తీసుకుంటే, క్రిస్మస్, జనవరి 1 పోను 18 పనిదినాలు. బవేరియా రాష్ట్రంలో అయితే జనవరి 6 కూడా సెలవే, కాబట్టి 17. డిసెంబర్ 24, 31 చట్టప్రకారం మామూలు పనిదినాలే. కాంట్రాక్టులో వేరేగా ఉంటే తప్ప అవీ మీ లెక్కలోంచే పోతాయి.

ఏడాది సెలవు మొత్తం మీద హక్కు రావాలంటే ఆరు నెలల సర్వీసు నిండాలి. మీకది మార్చిలో. 2026కి నెలకు పన్నెండో వంతు చొప్పున 10 రోజులే వస్తాయి. 2027 సెలవు జనవరిలో వాడుకోవడం కంపెనీ ఒప్పుకుంటేనే. అంటే 8 రోజులు తక్కువ. "చూద్దాంలే" అన్న మాట మీద ఉండొద్దు. ఏ తేదీలు, ఏ ఏడాది లెక్కలోంచి ఎన్ని రోజులు అన్నది మెయిల్‌లో ఖాయం చేయించుకున్నాకే టికెట్ తీయండి.

ఆ 8 రోజులకు బదులు ఓవర్‌టైమ్ గంటలు కూడబెట్టుకోవచ్చు, కంపెనీలో ఆ పద్ధతి ఉంటే. 64 గంటలు కావాలి. రోజుకు 10 గంటలు దాటకూడదు కాబట్టి 32 రోజులు పదేసి గంటలు చేయాలి. 9 గంటలు దాటితే 45 నిమిషాల విరామం తప్పనిసరి, అది పనిలో కలవదు: ఉదయం 8కి మొదలుపెడితే సాయంత్రం 6:45కి పది నిండుతుంది. రెండు రోజుల పనికి మధ్య 11 గంటల విశ్రాంతి ఉండాలి కాబట్టి, రాత్రి 11 దాకా కాల్‌లో ఉంటే మర్నాడు 10 లోపు లాగిన్ కాకూడదు.

చాలామంది దెబ్బతినేది జబ్బు దగ్గర. ఊళ్లో జ్వరమొస్తే, డాక్టర్ సర్టిఫికెట్ ఉన్న రోజులు సెలవులోంచి కోయరు, తిరిగి మీకే జమ అవుతాయి. ఓవర్‌టైమ్ బదులు తీసుకున్న రోజుల్లో జబ్బు చేస్తే మాత్రం, సాధారణంగా ఆ గంటలు పోయినట్టే. సర్టిఫికెట్‌లో "జ్వరానికి మందులిచ్చాం" అని ఉంటే చాలదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పని చేసే స్థితిలో లేరని స్పష్టంగా ఉండాలి. మొదటి రోజే కంపెనీకి ఫోనో మెయిలో చేసి, ఎన్నాళ్లు పట్టొచ్చో, అక్కడి చిరునామా ఏమిటో చెప్పాలి. హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలియజేయాలి. జర్మనీ డాక్టర్ల సర్టిఫికెట్ కంపెనీకి ఆన్‌లైన్‌లో అందుతుంది, మన ఊరి డాక్టర్‌ది అందదు. కాగితం మీరే పంపాలి.

ఆ జమైన రోజుల్ని మీ అంతట మీరు చివర్లో కలుపుకోకండి. ఆరోగ్యం కుదుటపడితే జనవరి 18 సోమవారం డ్యూటీలో ఉండాల్సిందే. కాంట్రాక్టులో ఆరు నెలల ప్రొబేషన్ ఉంటే, అప్పటికి మీరింకా అందులోనే ఉంటారు, రెండు వారాల నోటీసుతో తీసేయొచ్చు.