చెరువు గట్టు మీదకి తీసుకెళ్లండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మావారు చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు పెంచుతున్నారు. రాత్రిళ్లు ఎక్కువగా అక్కడే ఉంటారు. మా బాబు ఏడో తరగతి. ఈ ఏడాది మార్కులు తగ్గాయి. అప్పటి నుంచి ఏం చెప్పినా ‘నాకు రాదు, నేను వేస్ట్’ అంటున్నాడు. వీలైన ఆదివారం భీమవరం తీసుకెళ్లి సినిమా చూపించి, బిర్యానీ తినిపించి తెస్తున్నాం. అయినా మార్పు లేదు. వాడికి ఇంకా ఎంత టైమ్ ఇవ్వాలండీ?

జవాబు: అమ్మా, బాబు కోసం మీరిద్దరూ ఎంత తాపత్రయపడుతున్నారో మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. సినిమాకి తీసుకెళ్లడం మానక్కర్లేదు. కానీ హాల్లో ముగ్గురూ తెర వైపే చూస్తారు. సరదాగా ఉంటుంది గానీ ‘నా వల్ల ఒక పని అయింది’ అన్న తృప్తి అక్కడ దొరకదు. ఇప్పుడు వాడికి కరువైంది అదే. ఇంట్లో మాటలన్నీ మార్కుల చుట్టూనే తిరుగుతుంటే, మార్కులు తగ్గిన రోజున పిల్లాడు తనకే విలువ తగ్గిపోయిందనుకుంటాడు.

సెలవు రోజు పొద్దున్న వాడిని వాళ్ల నాన్నతో చెరువు దగ్గరికి పంపండి. మేత వేశాక కాసేపాగి చెక్ ట్రే, అంటే మేత ఎంత తిన్నాయో చూడ్డానికి తాడుతో నీళ్లలోకి దించే పళ్లెం, పైకి తీసి చూస్తారు కదా. తాడు నాన్న లాగాలి. ట్రేలో మేత ఎంత మిగిలిందో వాడు చూసి పుస్తకంలో రాయాలి. రొయ్యని వెలుతురుకి పట్టుకుని, పేగు నిండుగా ఉందో ఖాళీగా ఉందో వాడే చెప్పాలి. అప్పుడు ‘ఈ పూట మేత తగ్గిద్దామంటావా?’ అని నాన్న నిజంగా అడగాలి. తప్పు చెబితే ఎందుకు తప్పో వివరించాలి, నవ్వకూడదు. సరిగ్గా చెప్పిన రోజు ఆ మాట ప్రకారమే మేత వేయాలి. తన మాటకి నాన్న విలువిచ్చాడని వాడికి అర్థమవుతుంది. అరగంట చాలు, అదీ వాడికి ఇష్టమైతేనే. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు, కరెంటు వైర్ల జోలికి మాత్రం అస్సలు పోనివ్వకండి. నీటి అంచున నాన్న పక్కనే ఉండాలి.

ఇక మీరు. వాడు ‘నేను వేస్ట్’ అన్నప్పుడు ‘ఛ, అలా అనకూడదు’ అని నోరు మూయించకండి. ‘నువ్వు చాలా తెలివైనవాడివి’ అని పొగడకండి, ఈ స్థితిలో వాడు నమ్మడు. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వవేత్తలు ఐదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి వెలువడింది. తెలివిని పొగిడించుకున్న పిల్లలు కష్టమైన పజిల్స్ రాగానే డీలా పడ్డారు. బాగా కష్టపడ్డావని మెచ్చుకున్న పిల్లలు పట్టు వదల్లేదు. అందుకని మీ కళ్లతో చూసినదే చెప్పండి. ‘రాత్రి ఆ లెక్క రాకపోతే చెరిపేసి మళ్లీ చేశావు, చూశాను’ అంటే చాలు. అన్నం దగ్గర ఫోన్లు పక్కన పెట్టి ‘ఇవాళ ఏం జరిగింది?’ అని అడిగి, ఆగండి. వెంటనే చెప్పకపోయినా తొందరపెట్టకండి.

సంక్రాంతికి చుట్టాలొస్తారు, ‘ర్యాంకెంతరా?’ అని అందరి ముందూ అడుగుతారు. పెదనాన్నగారి అబ్బాయితోనో, పక్కింటి పిల్లతోనో పోలుస్తారు. అప్పుడు మొహమాటపడకండి. ‘చదువు సంగతి మేం చూసుకుంటున్నాం బాబాయిగారూ’ అని వాడి ఎదురుగానే మర్యాదగా ఆపేయండి. అమ్మ తన పక్షాన నిలబడిందని వాడికి తెలియడం చాలా అవసరం.

మార్కులు ఎందుకు తగ్గాయో కూడా చూడాలి. కంటి పరీక్ష చేయించండి, బోర్డు కనపడక వెనకబడే పిల్లలు చాలామంది ఉంటారు. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో టీచర్‌ని విడిగా అడగండి. రెండు వారాలు దాటినా సరిగ్గా తినక, నిద్రపోక, ఆటలకి వెళ్లక ముభావంగానే ఉంటే మానసిక వైద్యుడికి చూపించండి. ‘చచ్చిపోతాను’ లాంటి మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. వాడిని ఒంటరిగా వదలకుండా వెంటనే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.