ఆ కారు ఎక్కడికి బయల్దేరింది?

తమ్ముడూ,

నీ కథ చదివి, కోపం వచ్చి పక్కన పెట్టేసి, వంట పని చూసుకుని మళ్ళీ తీశాను. అక్కా అని పిలిచావు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే టోల్ రహదారి మీద మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాడు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటాడు. పక్కన రోడ్డు అంచున ఒక నల్లజాతి మనిషిని ఆపి ట్రూపర్, అంటే రాష్ట్ర పోలీసు, సోదా చేస్తుంటాడు. మనవాడు అది చూసి చలించిపోయి, ఇంటికెళ్ళి భార్యకు చెప్పుకుని ఏడుస్తాడు. ఇంతే కదా కథ. ఇందులో మనవాడి పేరుంది, వాళ్ళావిడ పేరుంది, వాళ్ళ కారు మోడల్ ఉంది, అపార్ట్‌మెంట్ అద్దె ఎంతో కూడా ఉంది. ఆపేసిన కారులోని మనిషి గురించి ఉన్నది మాత్రం ఒకే ఒక్క వాక్యం: ‘ఆరడుగుల నల్లని దేహం చెమటతో మెరుస్తోంది.’ బాగా వచ్చిందనుకునే రాసి ఉంటావు. కానీ అతన్ని ఆపిన ట్రూపర్‌కి కూడా సరిగ్గా అంతే కనిపించింది. అతనికి కనిపించనిది చూపించడానికే కదా నువ్వు కలం పట్టుకున్నది?

వెనక ఎర్ర నీలం లైట్లు పడగానే, అవి తన కోసమేమోనని మనవాడు ముందుగా పాట ఆపేస్తాడే, అది బాగుంది. అది చూసి రాశావు. మిగతాదంతా విని రాశావు.

ఇలాంటి కథ రాయాలంటే ముందు నీకు తెలియాల్సింది ఒక్కటే. ఆ మనిషి ఇంట్లోంచి ఏ పని మీద బయల్దేరాడు? కథలో అది రాస్తావో లేదో నీ ఇష్టం, నీకు మాత్రం తెలిసి తీరాలి. ఇన్నేళ్ళుగా ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే, ఎంత విసుక్కున్నా ఇదే చెబుతాను.

1992 మే నెలలో రాబర్ట్ విల్కిన్స్ అనే నల్లజాతి యువ లాయరు షికాగోలో తాతగారి అంత్యక్రియలు ముగించుకుని, బంధువులతో కలిసి అద్దె కారులో వాషింగ్టన్ తిరిగి వస్తున్నాడు. ఆ పొద్దున్నే కోర్టులో అతని కేసు ఉంది, అందుకని రాత్రంతా ప్రయాణం. మేరీలాండ్ కొండల్లో తెల్లవారుజామున ట్రూపర్ ఆపాడు. స్పీడు ఎక్కువైందన్నాడు, సరే. ఆ తర్వాత కారు సోదా చేస్తానన్నాడు. అనుమానానికి ఆధారం లేకుండా మమ్మల్ని ఇలా ఆపి ఉంచకూడదని ఆ లాయరు చట్టం చెప్పాడు. అయినా మత్తుమందుల వాసన పట్టే కుక్కను రప్పించేదాకా కదలనివ్వలేదు. వాన పడుతుంటే ఆ కుటుంబాన్ని రోడ్డు పక్కన నిలబెట్టి కారు చుట్టూ కుక్కను తిప్పారు. ఏమీ దొరకలేదు. విల్కిన్స్ దావా వేశాడు, 1995లో రాష్ట్ర పోలీసులు రాజీకి వచ్చి, ఇక నుంచి ఎవర్ని సోదా చేస్తున్నామో లెక్కలు రాసి పెడతామని ఒప్పుకున్నారు. ఇవాళ ఆయన వాషింగ్టన్ ఫెడరల్ అప్పీల్స్ కోర్టులో జడ్జి. సరే, ఆయన తర్వాత ఏమయ్యాడన్నది అలా ఉంచు. వానలో నిలబడ్డవాళ్ళు సొంత మనిషిని మట్టిచేసి వస్తున్నవాళ్ళని తెలిశాక ఆ సోదా నీకు ఎలా కనిపిస్తోంది? ‘నల్లని దేహం’ అని రాయగలవా?

నీ కథ జరిగిన ఆ టర్న్‌పైక్ మీదే 1998 ఏప్రిల్‌లో నలుగురు కుర్రాళ్ళు వ్యాన్‌లో పోతున్నారు, ముగ్గురు నల్లజాతి పిల్లలు, ఒక లాటినో. నార్త్ కరోలినాలో బాస్కెట్‌బాల్ శిబిరానికి వెళ్తున్నారు, అక్కడ బాగా ఆడితే స్కాలర్‌షిప్ వస్తుందని ఆశ. ఇద్దరు ట్రూపర్లు ఆపారు. వ్యాన్ వెనక్కి కదిలిందని 11 తూటాలు పేల్చారు. ముగ్గురికి తగిలాయి. ఆ ట్రూపర్లకు జైలు పడలేదు. శాండ్రా బ్లాండ్ అనే నల్లజాతి అమ్మాయి 2015 జూలైలో టెక్సస్ వచ్చింది తను చదువుకున్న కాలేజీలోనే ఉద్యోగం దొరికిందని. వెనక పోలీసు కారు వేగంగా మీదకొస్తుంటే దారి ఇద్దామని పక్కకు జరిగింది, జరిగేటప్పుడు సిగ్నల్ వేయలేదు. అదీ నేరం. సిగరెట్ ఆర్పమన్నాడు, నా కారులో నేనెందుకు ఆర్పాలంది, అరెస్టు చేశారు. మూడు రోజుల తర్వాత జైలు గదిలో శవమై దొరికింది. ఉరి వేసుకుందన్నారు. 28 ఏళ్ళు. ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి మనిషి 2016 జూలైలో సరుకులు కొనుక్కుని ఇంటికి వెళ్తున్నాడు. మినసోటాలోని సెయింట్ పాల్‌లో బడి భోజనశాల చూసుకునేవాడు, ఏ పిల్లాడికి ఏ తిండి పడదో గుర్తుపెట్టుకునేవాడట. బ్రేక్ లైటు వెలగడం లేదని ఆపారు. అసలు ఆపిన అధికారి అంతకుముందే రేడియోలో చెప్పిన మాట వేరు, దోపిడీ చేసినవాడిలా ఉన్నాడని, ముక్కు వెడల్పుగా ఉందని. వెనక సీట్లో నాలుగేళ్ళ పాప చూస్తుండగా కాల్చి చంపాడు. జ్యూరీ అతన్ని నిర్దోషి అంది. కాస్టీల్‌ను అంతకుముందు కూడా చిన్నాచితకా కారణాలకు కనీసం 46 సార్లు ఆపారు. ఆ 46 సార్లలో ప్రతిసారీ అతను ఎక్కడికో అక్కడికి పోతూనే ఉన్నాడు తమ్ముడూ. పనికి ఆలస్యమై ఉంటుంది, జరిమానా కట్టడానికి డబ్బు లేక లైసెన్సు పోయి ఉంటుంది, ఆ లైసెన్సు లేదని మళ్ళీ ఆపి ఉంటారు. నువ్వు రాయాల్సిన కథ ఆ 46లో ఒకటి. తుపాకీ పేలిన రోజు కాదు.

ఇంకో తప్పు. ఇది చిన్నది కాదు. నీ కథలో ఆ మనిషి లైట్లు చూడగానే కారు ఆపి, తలుపు తీసుకుని, కాగితాలు పట్టుకుని ట్రూపర్ దగ్గరికి నడిచి వెళ్తాడు. అది హైదరాబాద్ అలవాటు. అక్కడ ఎస్ఐ రోడ్డు పక్కన బైకు మీద కూర్చుని ఉంటాడు, మనమే దిగి వెళ్ళి కాగితాలు చూపిస్తాం. అమెరికాలో పోలీసు ఆపితే ఎవరైనా సరే సీట్లోంచి కదలరు. ఇక నల్లజాతి ఇళ్ళలో పిల్లలకు డ్రైవింగ్ వయసు రాగానే తల్లిదండ్రులు కూర్చోబెట్టి చెబుతారు, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేలా పెట్టు, అడక్కుండా దేనికోసమూ చెయ్యి చాపకు, చాపాల్సి వస్తే ముందు చెప్పు, తర్వాత నెమ్మదిగా చాపు, ఎదురు మాట్లాడకు, ఇంటికి ప్రాణాలతో రా. ఆ చేతులు చూడకుండా నువ్వు ఈ కథ రాయలేవు.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేసేదాన్ని. నాతోపాటు పని చేసే ఆయన ఒకాయన ఉండేవాడు, నల్లజాతి ఆయన, వయసులో నాకంటే చాలా పెద్ద, రోజూ టర్న్‌పైక్ మీదే వచ్చేవాడు. ఒకసారి మంచు పడుతుంటే నన్ను ఇంటి దగ్గర దింపాడు. కారెక్కి చూస్తే, తల పైన సన్ వైజర్‌కు లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కార్డు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి క్లిప్పుతో తగిలించి ఉన్నాయి. గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోవచ్చు కదా అన్నాను. గ్లవ్ బాక్స్ వైపు చెయ్యి పోకూడదు అన్నాడు. ఆ కవర్లో బ్రేక్ లైటు బల్బులు మార్పించిన రసీదు కూడా ఉంది. సెలవు రోజున బజారుకు వెళ్ళినా ఆసుపత్రి బ్యాడ్జి షర్టుకు తగిలించుకునే వెళ్ళేవాడు. మా షిఫ్టు పొద్దున ఏడింటికైతే ఆయన ఆరింటికే వచ్చి కూర్చునేవాడు, దారిలో ఆపితే పట్టే టైము ముందే లెక్కలో వేసుకుని. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఆ పొద్దుటి గంట గురించే. ఏ కేసులోనూ రాయరు దాన్ని, ఏ పేపర్లోనూ రాదు, ఆయన జీవితంలోంచి మాత్రం రోజూ పోయింది.

ఆయన మీద రాసిన కథే నేను అచ్చుకు పంపిన మొదటి కథ. ఒక సంపాదకుడు తిప్పి పంపుతూ, అమెరికాలో నల్లవాళ్ళ కష్టాలు మన పాఠకులకెందుకమ్మా, మనవాళ్ళు అక్కడ పడే బాధలు రాయండి అన్నాడు. ఇంకొకాయన వేసుకుంటానన్నాడు కానీ ఆ కాగితాల కవరు పేరా తీసేసి చివర్లో కొసమెరుపు పెట్టమన్నాడు, ఆ ట్రూపర్ కొడుకునే ఈయన ఆసుపత్రిలో కాపాడినట్టు! నేను పెట్టలేదు. ఆ కథ ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ప్రవాస కథలంటే ఒక ఊపు వచ్చింది, సంకలనాల మీద సంకలనాలు, అన్నిట్లోనూ మంచు పడుతుంటే ఊరు గుర్తొచ్చి ఏడ్చేవాళ్ళే. ఈ దేశంలో మన పక్కింట్లో ఎవరున్నారో చూసిన కథ వెతికి పట్టుకోవాల్సి వచ్చేది. నీ కథ కూడా అటే జారిపోతోంది, అందుకే నా కోపం. చివరి మూడు పేజీలూ మనవాడి కన్నీళ్ళే. అతని ఏడుపుతో ఆ రోడ్డు పక్కన నిలబడ్డ మనిషికి ఏం సంబంధం?

మన విందుల్లో వినిపించే మాట ఒకటుంది, నువ్వూ వినే ఉంటావు. ‘తప్పు చేయకపోతే పోలీసు ఊరికే ఎందుకు ఆపుతాడండీ?’ నీ కథలో ఒక పాత్ర ఈ మాట అంటుంది, మనవాడు తల వంచుకుంటాడు, సీన్ అయిపోతుంది. ఎందుకు వదిలేశావు? జవాబు టర్న్‌పైక్ మీదే ఉంది. 1996లో న్యూజెర్సీ కోర్టులో ఒక కేసు తేలింది. లాంబర్త్ అనే ప్రొఫెసర్ మనుషుల్ని పెట్టి టర్న్‌పైక్ దక్షిణ భాగంలో పోయే కార్లు లెక్కపెట్టించాడు. నల్లజాతివాళ్ళున్న కార్లు నూటికి 13.5, ఆపిన కార్లలో మాత్రం 46.2. మరి స్పీడు లిమిట్ దాటేవాళ్ళెవరు అని చూస్తే, నూటికి 98 మంది. మనమూ అందులోనే ఉన్నాం తమ్ముడూ, విందు నుంచి తిరిగొచ్చేటప్పుడు కూడా. అందరూ తప్పు చేసే రోడ్డు మీద ఎవర్ని ఆపాలన్నది ట్రూపర్ ఇష్టం. అదే ఏడాది సుప్రీంకోర్టు రెన్ కేసులో తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాటగా ఏమన్నారంటే, ట్రాఫిక్ తప్పు ఏదో ఒకటి నిజంగా ఉంటే చాలు, పోలీసు మనసులో అసలు కారణం ఏదైనా ఆ ఆపడం చెల్లుతుందని. ఆ కేసులో తప్పేమిటో తెలుసా? స్టాప్ సైన్ దగ్గర ఎక్కువసేపు ఆగడం, సిగ్నల్ వేయకుండా తిరగడం. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు దేశవ్యాప్తంగా పోలీసులు కార్లు ఆపిన దాదాపు పది కోట్ల సందర్భాల రికార్డులు తీసి 2020లో అచ్చువేశారు. చీకటి పడి డ్రైవర్ మొహం కనపడని వేళ, ఆపిన వాళ్ళలో నల్లజాతివాళ్ళ వాటా తగ్గుతోంది. ఈ అంకెలు కథలో పెట్టమనడం లేదు, పెడితే వ్యాసమైపోతుంది. కానీ ఇవి తెలిసినవాడు ఆ విందు సీన్ రాస్తే ఆ పాత్ర అంత సులువుగా బయటపడదు.

మమ్మల్నీ ఒకసారి ఆపారు అదే రోడ్డు మీద. మావారు స్పీడుగా నడుపుతున్నారు. ట్రూపర్ వంగి చూశాడు, పట్టుచీర, వెనక పూలూ కొబ్బరికాయలూ, ఎక్కడికన్నాడు, బ్రిడ్జ్‌వాటర్ గుడికన్నాం, నెమ్మదిగా వెళ్ళండి అని పంపేశాడు. అదే ప్రశ్న ల్యాబ్ ఆయన్ని అడిగినప్పుడు, పనికి వెళ్తున్నానంటే, ఏం పని, ఎక్కడ, ఈ కారు ఎవరిది అని ఇంకో నాలుగు ప్రశ్నలు వచ్చేవట. మన జవాబు నమ్మారు, ఆయన జవాబు నమ్మలేదు. నీ కుర్రాడు ఈ తేడా తెలుసుకుని సిగ్గుపడితే అదొక కథ. ఊరికే జాలిపడితే కాదు.

ట్రూపర్‌ను మీసం మెలేసే విలన్‌గా మాత్రం రాయకు. నీ వాడు బూతులు తిడతాడు, నవ్వుతాడు, తోస్తాడు. అలాంటివాళ్ళు లేరనడం లేదు. కానీ సర్ అని పిలుస్తూ, మర్యాదగా, ‘కారు ఒకసారి చూసుకోవచ్చా’ అని అడిగేవాడు ఎక్కువ భయంకరం. ఎందుకంటే వాడు చేసేదంతా చట్టం ప్రకారమే. కాదనే హక్కు ఉన్నా కాదంటే ఏమవుతుందో డ్రైవరుకు తెలుసు. ఆ ఒక్క నిమిషం నెమ్మదిగా రాయి. రెండు పేజీలు పట్టినా ఫరవాలేదు, నేను చదువుతాను.

పుస్తకం వేసుకోవడం గురించి, ముందుమాట గురించి అడిగావు. అవి ఇప్పుడు వద్దు. ఫిలడెల్ఫియాలో 2022 నుంచి బంపర్ వేలాడినా, ఒక్క బ్రేక్ లైటు పోయినా అలాంటి చిన్న కారణాలకే కారు ఆపకూడదని నియమం పెట్టారు, నువ్వు ఉండేది ఆ పక్కనే కదా. అక్కడ నీ ఆఫీసులో ఎవరినైనా అడుగు, ఈ నియమం వచ్చాక ఏమైనా మారిందా అని. వాళ్ళకు చెప్పాలనిపిస్తే విను, లేకపోతే బలవంతపెట్టకు. ఆ మనిషికి పేరు పెట్టి, ఎక్కడికి బయల్దేరాడో తేల్చుకున్నాకే మొదటి వాక్యం రాయి. మనవాడి భార్య ఉన్న పేజీలన్నీ తీసెయ్, విందు సీన్ ఉంచు. ఈసారి పీడీఎఫ్ కాకుండా యూనికోడ్‌లో పంపు, మధ్యలో నా గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను.

మీ అక్క