స్నైడర్ రైఫిల్‌కు మెత్తని సీసమా, గట్టి సీసమా?

"మాది పాలకొల్లు దగ్గర, ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నాను. నేపాల్ నుంచి వచ్చిన పాత స్నైడర్ (బ్రిటిష్ సైన్యం వాడిన పాతకాలపు తుపాకీ) రైఫిల్ ఒకటి కొన్నాను. బుల్లెట్లు గట్టి సీసంతో పోయాలా, మెత్తని సీసంతోనా? తూటాకు కేసులు (మందు, బుల్లెట్ పట్టి ఉంచే ఇత్తడి గొట్టాలు) ఏవి కొనాలి?" అని అడిగారు.

మెత్తని సీసమేనండీ. ఇందులో రెండో మాట లేదు. గట్టి సీసం వాడమని చెప్పేవాళ్లు ఈ కాలపు పిస్తోళ్ల అలవాటును 1866 నాటి తుపాకీ మీద రుద్దుతున్నారు. హ్యూస్టన్‌లో ఉన్న రోజుల్లో నా ఆదివారాలన్నీ ఈ పాత తుపాకులు కాల్చేవాళ్లతోనే గడిచాయి. ఇప్పుడు రాజోలు వచ్చేసి కొబ్బరితోట చూసుకుంటున్నా, ఈ సంగతి ఎవరడిగినా ఇదే చెబుతాను.

స్నైడర్ బుల్లెట్‌కు వెనక వైపు బోలుగా ఉంటుంది. బ్రిటిష్ సైన్యం వాడిన తూటాలో బుల్లెట్ బరువు 480 గ్రెయిన్లు, అంటే మన రెండున్నర తులాల పైచిలుకు. దాని వెనక 70 గ్రెయిన్ల పాతకాలపు నల్ల తుపాకీ మందు. గొట్టం .577 అంగుళాలైతే బుల్లెట్ .573 మాత్రమే. గొట్టం కన్నా బుల్లెట్టే సన్నం! మందు అంటుకోగానే ఆ బోలు అంచు విచ్చుకుని గొట్టం లోపల మెలికలు తిరిగి ఉండే గాళ్లను (గాడి గీతలను) పట్టుకోవాలి. అందుకు సాయంగా బోలులో మట్టి బిళ్ల కూడా పెట్టేవారు. సీసం గట్టిదైతే ఆ అంచు విచ్చుకోదు. వేడి గాలి పక్కలనుంచి దూసుకుపోయి గొట్టం నిండా సీసం పూస్తుంది, బుల్లెట్ ఎటు పోతుందో తెలియదు.

సీసంలో ఏది ఏమిటో నాకు నేర్పింది మాత్రం టెక్సస్ కాదు, సఖినేటిపల్లిలో మా మేనమామ. ఆయన వసిష్ఠలో విసురు వల వేసేవాడు, వల గుళ్లు సొంతంగా పోసుకునేవాడు. ఒకసారి పాత సామాన్ల వ్యాపారి దగ్గర సీసం దిమ్మలు కొన్నాడు. కేబుల్ తొడుగు కరిగించిన సీసమని వ్యాపారి ఒట్టు పెట్టుకున్నాడు. మావయ్య ఇంటికొచ్చి దిమ్మ మీద బొటనవేలి గోరు గీశాడు. గీత పడలేదు. అరుగు రాయి మీద పడేస్తే టంగుమంది. మంచి సీసం దభీమని చచ్చిన చప్పుడు చేయాలి. దిమ్మను పొయ్యి అంచున చాలాసేపు ఆరబెట్టాకే మూకుట్లో వేశాడు. తడి సీసం కరిగిన సీసంలో పడితే ఆవిరి పేలి మొహం మీదకు చిమ్ముతుంది. మా లంకల్లో ఆరి ఉండే వస్తువు ఏముంటుంది! కరిగాక సన్నటి పట్టీ పోసి, ఒక గుండు చేసి తాడు మీద సుత్తితో నొక్కాడు. ఫట్‌మని పగిలింది. "చూశావా అబ్బాయ్, ఇది బ్యాటరీ సీసం. వలకి వంగేది కావాలి గానీ విరిగేది కాదు" అని, ఆ దిమ్మలన్నీ మళ్లీ సైకిల్‌కి కట్టుకుని వెళ్లి వ్యాపారి ముందు కుమ్మరించి వచ్చాడు.

బ్యాటరీ పలకల్లో ఆంటిమొనీ కలుపుతారు, గట్టిదనం దానిదే. పాత ప్రెస్సుల టైపు సీసంలో ఇంకా ఎక్కువ ఉంటుంది. మీకక్కడ దొరికే కారు చక్రాల బరువులూ ఇలాంటివే. పైగా ఈమధ్య వాటిలో జింకువి కలుస్తున్నాయి, అవి పడితే ఆ కుండెడు సీసమూ పాడే.

ఇదే సందులో ఒక బాధ చెప్పుకోవాలి. ఇప్పుడు మా వైపు పాడైన ఇన్వర్టర్ బ్యాటరీలు విప్పి, ఇళ్ల మధ్యే సీసం కరిగిస్తున్నారు. ఆ పొగలో పిల్లలు ఆడుకుంటున్నారు. పిల్లల ఒంట్లోకి ఇంత వరకు వెళ్తే ఫరవాలేదు అనే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. చెబితే "మా తాతల నుంచీ కరిగిస్తున్నాం" అంటారు. తాతలు కరిగించింది బ్యాటరీలు కాదు కదా! మీరు కూడా ఆరుబయట, గాలికి ఎదురు కాకుండా పోయండి. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకండి.

ఇక కొలతల సంగతి. పుస్తకంలో .577 అని ఉంది కదా అని అచ్చు కొనేయకండి. నేపాల్‌లో తయారైనవాటిలో ఏ రెండు గొట్టాలూ ఒకలా ఉండవు. గొట్టానికి నూనె రాసి, మెత్తని సీసం ముద్దను ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టి బయటికి తీసి కొలవండి. గాళ్లు మూడో ఐదో ఉంటాయి. బేసి సంఖ్య కాబట్టి గాడికి ఎదురుగా గాడి రాదు, మామూలు కాలిపర్స్ తప్పు చూపిస్తుంది. మందం తెలిసిన పల్చటి రేకు చుట్టూ చుట్టి కొలిచి, ఆ మందానికి రెట్టింపు తీసేయండి. గాళ్ల దగ్గర .590 దాటి వస్తే .573 బుల్లెట్ జోలికి వెళ్లొద్దు, గాడి కొలతకు సరిపోయే అచ్చు తెప్పించుకోండి. అసలు గాళ్లు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. 1857 తర్వాత మన సిపాయిలకు ఇచ్చిన తుపాకుల్లో నున్నటి గొట్టాలు చాలా ఉన్నాయి.

ముప్పై నలభై పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపితే అచ్చు బాగా నిండుతుంది, అంతకు మించి వద్దు. పన్నెండుకు ఒకటి అని ఎక్కడైనా చదివితే అది స్నైడర్ తర్వాత వచ్చిన మార్టిని-హెన్రీ రైఫిల్‌కు. దాని బుల్లెట్‌కు కాగితం చుడతారు, ఆ లెక్కే వేరు.

కేసులకు 24 గేజ్ ఇత్తడి షాట్‌గన్ షెల్స్ కొని రెండు అంగుళాలకు కోయించండి. కొత్తగా తయారుచేసిన స్నైడర్ కేసులు దొరికితే ఇంకా మంచిది. మందుకూ బుల్లెట్‌కూ మధ్య ఖాళీ ఉండకూడదు. షెల్‌లో చోటు మిగిలితే బొంబాయి రవ్వతో నింపుతారు. నేను చూసిన పాతకాపులందరూ అదే వాడేవారు. పొగరాని కొత్త మందు మాత్రం చిటికెడైనా వేయొద్దు, తలుపు (తూటా పెట్టాక గొట్టం వెనక మూసే ఇనుప దిమ్మ) ఊడి మొహానికి వస్తుంది. మొదటి తూటాకు ముందే తుపాకీలు బాగుచేసేవాడికి తలుపు బిగువు చూపించండి.

కందెనకు తేనెమైనం, వంటనూనె కలుపుకోండి. పెట్రోలియం గ్రీజు ఈ మందు మసితో కలిసి తారులా గట్టిపడుతుంది. కాల్చిన రోజే గొట్టాన్నీ కేసులనూ వేడి నీళ్లతో కడగాలి. మసిలోని లవణాలు తేమ లాగుతాయి. హ్యూస్టన్ గాలి మన కోనసీమ గాలికి ఏమీ తీసిపోదు, తెల్లారేసరికి తుప్పు కనిపిస్తుంది.

ఇది చదివి ఇక్కడ ఎవరూ మొదలుపెట్టకండి. తుపాకీకి లైసెన్సున్నా తూటాలు తయారుచేయడానికి 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి.

మీ గొట్టం కొలత, గాళ్లు ఎన్ని, తలుపు మీద ఏ ముద్ర ఉందో కింద రాయండి. అచ్చు ఏ సైజు తీసుకోవాలో అప్పుడు చెబుతాను.